సినిమాలు చూడ్డానికే అయితే కార్డులో చూడాల్సింది వేరే

మీ ప్రశ్నలో విషయం ఇదీ: నాలుగో తరం ఇంటెల్ ఐ5 ఉన్న పాత డెస్క్‌టాప్‌ను కొత్త 4కె టీవీకి హెచ్‌డీఎంఐతో కలిపారు. మామూలు సినిమా ఫైళ్లు బాగానే వస్తున్నాయి, 4కె ఫైలు పెడితే మాత్రం బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, సీపీయూ వంద శాతానికి పోతోంది. మీరు గేమ్స్ ఆడరు. 8 జీబీ మెమరీ ఉన్న గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు కొనమని స్నేహితుడు చెప్పాడు. అది కొనాలా, 2 జీబీది సరిపోతుందా, సౌండ్‌కు వేరే కేబుల్ వేయాలా, టీవీ రిమోట్‌తో కంప్యూటర్‌ను నడపొచ్చా అని అడిగారు.

ఆ పెద్ద కార్డు కొనకండి. మీ స్నేహితుడు చెప్పింది గేమ్స్ ఆడేవాళ్లకు సరైన సలహాయే, మీ అవసరానికి మాత్రం నప్పదు. సినిమా ఆడించడానికి కార్డులో కావాల్సినవి మూడు: మీ ఫైళ్ల కోడెక్‌ను (వీడియోను కుదించి దాచే పద్ధతి) విప్పగల డీకోడర్, టీవీకి సరిపోయే హెచ్‌డీఎంఐ పోర్టు, చప్పుడు చేయని ఫ్యాన్. చిన్న కార్డుల్లోనూ ఈ మూడూ దొరుకుతాయి. అయితే ఏ చిన్న కార్డు పడితే అది కాదు. ఇబ్బంది అక్కడే వస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

గ్రాఫిక్స్ చిప్‌లో గేముల బొమ్మలు గీసే భాగం వేరు, వీడియో విప్పే భాగం వేరు. రెండోది చిప్‌లో ఓ మూలన ఉండే చిన్న సర్క్యూట్. ఎన్విడియా దాన్ని ఎన్‌వీడెక్ అంటుంది, ఏఎండీ వీసీఎన్ అంటుంది (పాత కార్డుల్లో యూవీడీ), ఇంటెల్ క్విక్ సింక్ అంటుంది. ఒకే తరానికి చెందిన చవక కార్డులోనూ ఖరీదైన కార్డులోనూ ఈ సర్క్యూట్ మామూలుగా దాదాపు ఒకటే. సినిమా నడుస్తున్నంతసేపూ పనంతా దానిదే, మీరు ఎక్కువ డబ్బు పోసి కొన్న మిగతా చిప్ అంతా ఖాళీగా కూర్చుంటుంది.

కొన్నిసార్లు చవక కార్డే మెరుగు కూడా. 2014లో ఎన్విడియా నుంచి వచ్చిన జీటీఎక్స్ 970, 980 అప్పట్లో పెద్ద కార్డులు. వాటిలో 4కె సినిమాలకు ఎక్కువగా వాడే హెచ్‌ఈవీసీ కోడెక్‌ను పూర్తిగా హార్డ్‌వేర్‌తో విప్పే సర్క్యూట్ లేదు, సగం పని డ్రైవర్ మీద పడేది. కొద్ది నెలల తర్వాత, 2015 జనవరిలో, వాటికంటే చిన్నదైన జీటీఎక్స్ 960 వచ్చింది. దాంట్లో ఆ సర్క్యూట్ పూర్తిగా ఉంది, పది బిట్ల వీడియోతో (రంగు ఛాయలు ఎక్కువగా ఉండే రకం) సహా. ఏఎండీ దగ్గర కథ తిరగబడింది. ఆర్‌ఎక్స్ 6000 వరుసలో మిగతా కార్డులన్నీ ఏవీ1 అనే కొత్త కోడెక్‌ను విప్పుతాయి, 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ మాత్రం విప్పలేవు. అందుకే పేరు చూసో, ధర చూసో, వచ్చిన ఏడాది చూసో నిర్ణయించుకోకండి. ఆ మోడల్ పేరు పట్టుకుని అది ఏ కోడెక్‌లను విప్పుతుందో చూసుకోవాల్సిందే.

ఇక కోడెక్‌ల సంగతి. హెచ్.264 2003 నాటిది. మామూలు బ్లూరే డిస్కుల్లోనూ ఫుల్ హెచ్‌డీ ఫైళ్లలోనూ ఎక్కువగా ఉండేది ఇదే. మీ పాత ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ దీన్ని సులువుగా విప్పుతుంది, మీ మామూలు ఫైళ్లు బాగా ఆడుతున్నది అందుకే. హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265, 2013లో వచ్చింది. 4కె బ్లూరే డిస్కులు, 4కె సినిమా ఫైళ్లు ఎక్కువ భాగం ఇందులోనే ఉంటాయి, అదీ పది బిట్ల రంగులో. వీపీ9 గూగుల్‌ది, అదీ 2013దే. ఏవీ1ను అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా 2018లో విడుదల చేసింది. యూట్యూబ్‌లో ఫుల్ హెచ్‌డీ దాటితే వీడియో వీపీ9లో గానీ ఏవీ1లో గానీ వస్తుంది, హెచ్.264లో రాదు.

మీ నాలుగో తరం ఇంటెల్‌లో హెచ్‌ఈవీసీ పది బిట్లకు డీకోడర్ లేదు. ఇంటెల్‌లో ఎనిమిది బిట్ల హెచ్‌ఈవీసీ ఆరో తరంతో వచ్చింది, పది బిట్లది ఏడో తరంతో, ఏవీ1 పదకొండో తరంతో. డీకోడర్ లేకపోతే పని సీపీయూ మీద పడుతుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో దాదాపు 20 లక్షల పిక్సెళ్లుంటే 4కె ఫ్రేములో దాదాపు 83 లక్షలు, అంటే నాలుగు రెట్లు. అలాంటివి సెకనుకు 24. నాలుగు కోర్ల పాత ప్రాసెసర్‌కు అది మోయలేని బరువు. మీకు కనిపిస్తున్న వంద శాతం అదే.

కార్డు కొనేముందు ఇది నిజంగా డీకోడర్ సమస్యేనా అని తేల్చుకోండి, ఐదు నిమిషాల పని. మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైలు తెరిస్తే అది ఏ కోడెక్‌లో, ఎన్ని బిట్లలో ఉందో కనిపిస్తుంది. తర్వాత సినిమా ఆడుతుండగా విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి జీపీయూ నొక్కండి. అక్కడ వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ ఉంటుంది. అది కదులుతుంటే హార్డ్‌వేర్ పని చేస్తున్నట్టు. సున్నా దగ్గరే ఉండి సీపీయూ ఎగిరిపోతుంటే సాఫ్ట్‌వేర్‌తో లాక్కొస్తున్నట్టు. యూట్యూబ్ అయితే వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి, కోడెక్ పేరు కనిపిస్తుంది. ఒక్కోసారి డీకోడర్ ఉండి కూడా ప్లేయర్ దాన్ని వాడుకోదు. ఎంపీవీ అనే ప్లేయర్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. కొత్త కార్డు పెట్టాక కూడా బొమ్మ ఆగుతుంటే ముందు చూడాల్సింది ఇదే, కార్డును తిట్టడం తర్వాత.

పాత ఫైళ్లలో ఒక చిక్కుంది. అనిమే ఫైళ్లలో పది బిట్ల హెచ్.264 తరచు కనిపిస్తుంది. దాన్ని చాలా కార్డులు హార్డ్‌వేర్‌తో విప్పవు. ఫుల్ హెచ్‌డీ వరకైతే మీ సీపీయూయే నెట్టుకొస్తుంది, దానికోసం కార్డు వెతకనక్కర్లేదు.

రెండోది పోర్టు. మీ ప్రాసెసర్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ 1.4 తరానిది. అందులో 4కె సెకనుకు 30 సార్లకు మించి పోదు. సినిమాకు అది చాలు గానీ మౌస్ కదిలిస్తే ఈడ్చినట్టు ఉంటుంది, సెకనుకు 60 ఫ్రేముల వీడియోలు సగానికి పడిపోతాయి, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) సంగతి మర్చిపోవాల్సిందే. కాబట్టి కార్డుకు కనీసం హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి. అంతకు మించి, అంటే 2.1, తప్పనిసరి కాదు. 2.0లో సెకనుకు 18 గిగాబిట్లు పోతాయి. 4కె 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు), ఎనిమిది బిట్లు, పూర్తి రంగు పెడితే ఆ దారి దాదాపు నిండిపోతుంది. పది బిట్లు కావాలంటే 60 హెర్ట్జ్ దగ్గర రంగు వివరాన్ని 4:2:2కు, అంటే సగానికి, తగ్గించి పంపాలి. కంగారు పడకండి, డిస్కుల్లోనూ స్ట్రీమింగ్‌లోనూ సినిమా రంగు అంతకంటే తక్కువైన 4:2:0లోనే ఉంటుంది, ఆ తగ్గింపు వల్ల బొమ్మలో పోయేదేమీ లేదు. పైగా సినిమాను 24 హెర్ట్జ్‌లో పంపితే 2.0 పోర్టులోనే పన్నెండు బిట్ల పూర్తి రంగు కూడా హాయిగా పడుతుంది. 2.1 పోర్టు 4కెలో 120 హెర్ట్జ్‌తో గేమ్స్ ఆడేవాళ్లకు. ఉంటే వద్దనక్కర్లేదు, దానికోసం అదనంగా పెట్టనూ అక్కర్లేదు.

కొన్ని పాత కార్డుల్లో డిస్‌ప్లేపోర్టు కొత్తగా, హెచ్‌డీఎంఐ పాతగా ఉంటుంది. టీవీలకు డిస్‌ప్లేపోర్టు ఉండదు. మధ్యలో కన్వర్టర్ పెట్టొచ్చు, యాక్టివ్ రకం తీసుకోవాలి. కానీ హెచ్‌డీఆర్ రాకపోవడం, టీవీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే బొమ్మ మాయమవడం లాంటి తలనొప్పులు ఎక్కువగా ఈ కన్వర్టర్ల దగ్గరే మొదలవుతాయి. నేరుగా హెచ్‌డీఎంఐ 2.0 ఉన్న కార్డే మేలు.

ఇప్పుడు కార్డు పేర్లు. ముందు వద్దన్నవి చెబుతాను, ఎందుకంటే చవకగా కనిపించి ఆశ పెట్టేవి ఇవే. జీటీ 710, జీటీ 730 వద్దు. కొత్త పెట్టెలో 2 జీబీ, 4 జీబీ అని పెద్ద అక్షరాలతో అమ్ముతుంటారు గానీ లోపలిది పాత చిప్, హెచ్‌ఈవీసీ డీకోడర్ లేదు, హెచ్‌డీఎంఐ 1.4. అది పెడితే మీ పరిస్థితి ఇప్పుడున్న చోటే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది.

జీటీ 1030 ఈ పనికి చాలాకాలంగా పేరున్న కార్డు. 30 వాట్లు, ఫ్యాన్ లేని మోడళ్లున్నాయి, హెచ్‌ఈవీసీ పది బిట్లు, వీపీ9, హెచ్‌డీఎంఐ 2.0 అన్నీ ఉన్నాయి. రెండు లోపాలు. ఏవీ1 లేదు. ఇంకా, ఇదే పేరుతో రెండు రకాలున్నాయి: మొదట వచ్చింది జీడీడీఆర్5 మెమరీతో, 2018లో వచ్చింది డీడీఆర్4తో. రెండోదాని మెమరీ వేగం మొదటిదాంట్లో దాదాపు మూడో వంతు. పెట్టె మీద చదివి జీడీడీఆర్5 ఉన్నదే తీసుకోండి. ఈ తరం కార్డులకు ఎన్విడియా డ్రైవర్ మద్దతు చివరికొచ్చింది, సినిమాలకు దాని వల్ల వెంటనే నష్టమేమీ లేదు గానీ, కొత్తగా కొనేటప్పుడు పూర్తి ధర పెట్టకుండా ఉండటానికి అదో కారణం. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే బాగుంటుంది.

జీటీఎక్స్ 1650 డీకోడింగ్‌లో దీనికంటే ముందుకు పోయిందేమీ లేదు, అందులోనూ ఏవీ1 రాదు. ఆర్‌ఎక్స్ 6400కూ అదే లోటని పైన చెప్పాను. అది పక్కన పెడితే చిన్నది, 53 వాట్లు, హెచ్‌డీఎంఐ 2.1 కూడా ఉంది. యూట్యూబ్ తక్కువ, ఫైళ్లు ఎక్కువ అయితే సరిపోయే కార్డు.

ఏవీ1 కావాలంటే మూడు దారులు. ఇంటెల్ ఆర్క్ ఏ310, ఏ380. డీకోడర్ పరంగా చూస్తే ఈ ధరల్లో వీటికి పోటీ లేదు, హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 అన్నీ చక్కగా విప్పుతాయి. కానీ మీ కంప్యూటర్‌కు నేను వీటిని చెప్పను. ఆర్క్ కార్డులకు మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండాలని ఇంటెలే చెబుతుంది. మీ నాలుగో తరం బోర్డులో అది ఉండదు. సినిమా ఆడవచ్చు, కానీ బూట్ దగ్గరే పేచీ పెట్టే అవకాశం ఉన్న పాత బోర్డులో ఆ టెన్షన్ ఎందుకు. రెండోది ఆర్టీఎక్స్ 3050 6 జీబీ. పేరు గేమింగ్‌దే, కానీ 70 వాట్లు మాత్రమే తింటుంది, వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు, ఏవీ1 ఉంది, హెచ్‌డీఎంఐ 2.1 ఉంది, పొట్టి మోడళ్లూ ఉన్నాయి. 8 జీబీ 3050 వేరే కార్డు, దానికి పవర్ కేబుల్ కావాలి, రెండింటినీ కలగాపులగం చేసుకోకండి. మూడో దారి అసలు కార్డు కాదు.

అదేమిటంటే, ఆ పాత డెస్క్‌టాప్‌కే డబ్బు పెట్టాలా అని ఒక్కసారి ఆలోచించండి. నాలుగో తరం ఇంటెల్‌ను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఏడో తరం తర్వాతి ఇంటెల్ గానీ, గ్రాఫిక్స్ ఉన్న ఏఎండీ రైజెన్ గానీ ఉన్న చిన్న కంప్యూటర్‌లో హెచ్‌ఈవీసీ పది బిట్లు, వీపీ9 లోపలే ఉంటాయి, కార్డే అక్కర్లేదు. పదకొండో తరం ఇంటెల్ నుంచి, రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఏవీ1 కూడా ఉంటుంది. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లకు లోపల గ్రాఫిక్స్ ఉండదు, అవి మాత్రం వద్దు. పాత ఇంటెల్ బోర్డుల్లో ప్రాసెసర్ కొత్తదైనా హెచ్‌డీఎంఐ 1.4 పోర్టే పెట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి, బోర్డు వివరాల్లో 4కె 60 హెర్ట్జ్ అని రాసి ఉందో లేదో చూడండి.

ఇంకా చవకైన పరీక్ష: ఆగిపోతున్న ఆ ఫైలునే యూఎస్‌బీ డ్రైవ్‌లో వేసి టీవీకే గుచ్చండి. 4కె టీవీల్లో హెచ్‌ఈవీసీ పది బిట్ల డీకోడర్ ఉంటుంది. బాగా ఆడితే మీకు కంప్యూటర్ ఎందుకు కావాలో మీరే తేల్చుకోవచ్చు. డీటీఎస్ సౌండ్ ఉన్న ఫైలును కొన్ని టీవీలు మూగగా ఆడిస్తాయి, సబ్‌టైటిళ్ల విషయంలోనూ టీవీ ప్లేయర్లు మొండికేస్తాయి. చాలామంది చివరికి కంప్యూటర్ దగ్గరికి వచ్చేది వీటి వల్లే.

మెమరీ గురించి అడిగారు. 4కె పది బిట్ల ఫ్రేము ఒకటి విప్పాక దాదాపు 25 ఎంబీ అవుతుంది. డీకోడర్ ఒకేసారి రెండు మూడు పదుల ఫ్రేములు పట్టుకున్నా ఒక జీబీ దాటదు. 2 జీబీ చాలు. బ్రౌజర్ కూడా తెరిచి ఉంచుతారు కాబట్టి 4 ఉంటే కాస్త నిమ్మళం. 8 జీబీతో సినిమాకు ఒరిగేదేమీ లేదు.

పెద్ద కార్డు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది, దాచడం ఎందుకు. మ్యాడ్‌వీఆర్ లాంటి రెండరర్లు (విప్పిన బొమ్మను తెరకు సిద్ధం చేసే ప్రోగ్రాంలు) బొమ్మను పెంచడానికీ, హెచ్‌డీఆర్ సినిమాను తక్కువ వెలుతురున్న తెరకు సర్దడానికీ డీకోడర్‌ను కాకుండా గేములు గీసే భాగాన్ని వాడతాయి. వాటిని గరిష్ఠంగా పెడితే పెద్ద కార్డు కూడా చెమటోడుస్తుంది. ఎన్విడియా 2023లో తెచ్చిన ఆర్టీఎక్స్ వీడియో సూపర్ రిజల్యూషన్ బ్రౌజర్ వీడియోను పదును పెట్టేదీ అలాగే. ప్రొజెక్టర్ పెట్టుకుని పిక్సెల్ పిక్సెల్ చూసుకునేవాళ్లకు ఆ సరదా ఉంటుంది. మీది 4కె టీవీ. ఫుల్ హెచ్‌డీని 4కెకు పెంచే పని మంచి టీవీలు తమంతట తామే బాగా చేస్తాయి. సోఫాలో కూర్చున్న దూరం నుంచి ఆ తేడా పట్టుకోగలిగేవాళ్లు తక్కువ.

చప్పుడు గురించి జనం కార్డు కొనేశాక ఆలోచిస్తారు. గేమింగ్‌లో ఫ్యాన్ మోత తుపాకుల మోతలో కలిసిపోతుంది, సినిమాలో నిశ్శబ్దంగా ఉండే సన్నివేశంలో అదే ముందు వినిపిస్తుంది. ఫ్యాన్ లేని కార్డు గానీ, వేడెక్కేదాకా ఫ్యాన్ తిరగని కార్డు గానీ చూడండి. ఫ్యాన్ లేనిదైతే క్యాబినెట్‌లో గాలి ఆడాలి, టీవీ కింద మూసిన అల్మరాలో పెడితే ఉడికిపోతుంది. క్యాబినెట్ సన్నదైతే సగం ఎత్తు కార్డు కావాలి, దానితో పొట్టి బ్రాకెట్ వస్తుందో లేదో అడిగి తీసుకోండి. 75 వాట్ల లోపు కార్డు స్లాట్ నుంచే కరెంటు తీసుకోగలదు కాబట్టి మీ పాత పవర్ సప్లైని మార్చే పని ఉండదు.

కార్డు పెట్టాక చేసే సెట్టింగులే బొమ్మను ఎక్కువ మారుస్తాయి. మొదటిది రిఫ్రెష్ రేటు, అంటే తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందనే లెక్క. సినిమాల్లో ఎక్కువ భాగం సెకనుకు 24 ఫ్రేములు, డిస్కుల్లోనూ ఫైళ్లలోనూ తరచు 23.976. కంప్యూటర్ మామూలుగా టీవీకి 60 పంపుతుంది. 24 ఫ్రేములను 60లో సర్దాలంటే ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపించాలి. ఒకటి తెర మీద 33 మిల్లీసెకన్లు, ఇంకొకటి 50 మిల్లీసెకన్లు. కెమెరా నిదానంగా పక్కకు తిరిగే షాట్‌లో బొమ్మ సన్నగా కుదుపుతుంది. కార్డు బలం చాలలేదని చాలామంది పొరబడేది ఈ కుదుపునే, పెద్ద కార్డు కొన్నా అది పోదు. మందు ఏమిటంటే టీవీకి అదే రేటు పంపడం. విండోస్‌లో 23 హెర్ట్జ్ అని కనిపించేది నిజానికి 23.976. కోడి అనే ఉచిత ప్లేయర్‌లో ప్లేబ్యాక్ సెట్టింగుల్లో సినిమాను బట్టి రిఫ్రెష్ రేటు మార్చే ఎంపిక ఉంది, దాన్ని పెట్టేస్తే సినిమా మొదలవగానే తనే మార్చుకుంటుంది, అయిపోయాక తిరిగి 60కి వస్తుంది. మారేటప్పుడు తెర ఒకట్రెండు సెకన్లు నల్లబడుతుంది, భయపడకండి. 23.976 సినిమాను సరిగ్గా 24 హెర్ట్జ్‌లో ఆడిస్తే దాదాపు 42 సెకన్లకోసారి ఒక ఫ్రేము రెండుసార్లు వస్తుంది. పట్టించుకునేవాళ్లకు కనిపిస్తుంది, చాలామందికి కనపడదు. టీవీ, కార్డు రెండూ 120 హెర్ట్జ్ ఇవ్వగలిగితే అది 24కు ఐదు రెట్లు కాబట్టి కుదుపు దానంతట అదే పోతుంది.

రెండోది నలుపు. కంప్యూటర్ నలుపును 0గా, తెలుపును 255గా పంపడానికి అలవాటు పడింది. టీవీల లెక్కలో నలుపు 16, తెలుపు 235. రెండూ ఒకే లెక్కలో లేకపోతే, సినిమా పైనా కిందా ఉండే నల్ల పట్టీలు బూడిద రంగులో కనిపిస్తాయి, లేదా చీకటి సన్నివేశంలో మనుషుల జుట్టు, కోటు అన్నీ ఒకే నల్ల ముద్ద అయిపోతాయి. కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో ఫుల్ (0 నుంచి 255), లిమిటెడ్ (16 నుంచి 235) అని ఉంటుంది, టీవీలో బ్లాక్ లెవెల్ అనో అలాంటి పేరుతోనో ఉంటుంది. రెండు చోట్లా ఒకటే పెట్టండి. నేనైతే సినిమాలకే వాడే మెషీన్‌లో లిమిటెడ్ పెడతాను. ప్లేయర్‌లో కూడా ఇదే ఎంపిక ఉంటే దాన్ని ముట్టుకోకండి, మూడు చోట్ల మారుస్తూ పోతే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు.

టీవీలో హెచ్‌డీఎంఐ పోర్టుకే ఒక సెట్టింగ్ ఉంటుంది. సామ్‌సంగ్ ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అంటుంది, సోనీ ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అంటుంది, ఎల్‌జీ డీప్ కలర్ అంటుంది. అది ఆఫ్‌లో ఉంటే కార్డు ఎంత మంచిదైనా 4కె 60 హెర్ట్జ్ పూర్తి రంగుతో రాదు, హెచ్‌డీఆర్ రాదు. బొమ్మ అంచులు తెర బయటికి పోతుంటే ఓవర్‌స్కాన్ ఆపేయండి, జస్ట్ స్కాన్ లాంటి పేరుతో ఉంటుంది. కేబుల్ మీద ప్రీమియం హై స్పీడ్ అని ఉంటే 18 గిగాబిట్లకు సరిపోతుంది. ఐదు మీటర్లు దాటితే మామూలు రాగి కేబుల్‌ను నమ్మలేం. తెర మీద మెరుపుల్లాంటి చుక్కలు వచ్చినా, మధ్యమధ్యలో నల్లబడినా ముందు కేబుల్ మార్చి చూడండి.

హెచ్‌డీఆర్ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆన్ చేసి సినిమా పెట్టండి, అయిపోగానే ఆపేయండి. ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే డెస్క్‌టాప్ పాలిపోయినట్టు ఉంటుంది. హెచ్‌డీఆర్‌లోనే ఒక రకమైన డాల్బీ విజన్ మాత్రం కంప్యూటర్ నుంచి టీవీకి సరిగ్గా పంపడం ఇప్పటికీ చికాకే. అది కావాలంటే టీవీలోని యాప్ వాడండి.

స్ట్రీమింగ్‌కు కూడా అదే మాట. బ్రౌజర్‌లో చాలా సర్వీసులు కాపీ రక్షణ పేరుతో 4కె ఇవ్వవు, కార్డు ఎంతటిదైనా సరే. టీవీ యాప్‌లో ఇస్తాయి. 4కె బ్లూరే డిస్కులను కంప్యూటర్‌లో అధికారిక ప్లేయర్‌తో చూడాలనుకుంటే అది ఇంకా ఇరకాటం. దానికి ఇంటెల్ ఎస్‌జీఎక్స్ అనే భద్రతా సదుపాయం కావాలి, కొత్త తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇంటెల్ దాన్ని తీసేసింది. అలాంటి డిస్కులుంటే విడి ప్లేయర్ కొనుక్కోవడం సుఖం.

సౌండ్‌కు వేరే కేబుల్ అక్కర్లేదు, బొమ్మ పోయే హెచ్‌డీఎంఐలోనే సౌండ్ కూడా పోతుంది. కార్డు డ్రైవర్‌తో పాటు దాని ఆడియో డ్రైవర్ కూడా ఎక్కించి, విండోస్ సౌండ్ సెట్టింగుల్లో టీవీ పేరు ఎంచుకోండి. టీవీ స్పీకర్లే అయితే అంతటితో అయిపోయింది. సౌండ్‌బార్ టీవీకి ఏఆర్‌సీ (టీవీ నుంచి సౌండ్‌ను బయటికి పంపే) పోర్టుతో కలిపి ఉంటే డాల్బీ డిజిటల్ వెళ్తుంది, బ్లూరేలోని ట్రూహెచ్‌డీ వెళ్లదు. దానికి టీవీ, సౌండ్‌బార్ రెండింటికీ దాని కొత్త రూపమైన ఈఏఆర్‌సీ ఉండాలి. రిసీవర్ (స్పీకర్లన్నీ కలిపే ఆంప్లిఫయర్ పెట్టె) ఉంటే కంప్యూటర్‌ను ముందు దానికే కలపండి, అక్కడి నుంచి టీవీకి. అయితే రిసీవర్ కూడా 4కె 60 హెర్ట్జ్, హెచ్‌డీఆర్ దాటించగలిగేది అయి ఉండాలి.

టీవీ రిమోట్‌తో నడపడం మాత్రం నేరుగా కుదరదు. దానికి సీఈసీ అనే సంకేతం కావాలి, డిస్క్ ప్లేయర్లలో ఉండేది అదే. గ్రాఫిక్స్ కార్డుల్లో దాన్ని పెట్టరు, చవక కార్డైనా ఖరీదైనదైనా అంతే. హెచ్‌డీఎంఐ దారిలో పెట్టే యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్ దొరుకుతుంది, పల్స్-ఎయిట్ అనే సంస్థ చేసేది కోడితో బాగా కలుస్తుంది. అంత ఖర్చు వద్దనుకుంటే కోడి వాళ్లదే కోరే అనే ఉచిత ఫోన్ యాప్ వేసుకోండి. కంప్యూటర్, ఫోన్ ఒకే వైఫైలో ఉండి, కోడి సెట్టింగుల్లో హెచ్‌టీటీపీ ద్వారా రిమోట్ కంట్రోల్ అనే ఎంపిక ఆన్ చేస్తే చాలు. మీరు కొనాలనుకుంటున్న కార్డు మోడల్, క్యాబినెట్ ఎత్తు, పవర్ సప్లై వాట్లు ఇక్కడ రాస్తే, కొనేముందు ఒకసారి చూసి చెబుతాను.